కుర్సురా దక్కింది, విక్రాంత్ దక్కలేదు

విశాఖ రామకృష్ణా బీచ్‌లో ఇసుకమీద నిలిచిన కుర్సురా జలాంతర్గామిని చూచిన తెలుగువారు లక్షలలో ఉంటారు. అది అక్కడ నిలవడం వెనుకగల పాలనా వ్యవహారాన్ని గురించి యోచించినవారు మాత్రం అరుదు.

జలాంతర్గాములకోసం మనం మొదట ఆశ్రయించింది బ్రిటన్‌నే. ఆ బేరం కుదరకపోగా 1965లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందం ఫలితంగా వచ్చిన తొలి నాలుగింటిలో చివరిది కుర్సురా. 1969 డిసెంబరు 18న రీగా రేవులో మన పతాకం ఎగురవేసుకున్నది. సూయజ్ కాలువ మూతపడి ఉన్న రోజులవి. ఆఫ్రికా ఖండాన్నంతా చుట్టి రావలసివచ్చింది. 91 మీటర్ల ఆ ఇనుప గొట్టంలో టార్పెడోల సరసన 75 మంది బతకాలి. నీటి అడుగున బ్యాటరీలే దిక్కు. అవి తరిగినప్పుడు డీజిల్ ఇంజన్లతో నింపుకొనడానికి గాలికోసం పైకి రాక తప్పదు. శత్రువు కంటబడే ప్రమాద ఘడియ కూడ అదే.

1971 యుద్ధంలో కుర్సురా అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. ఒక్క ఓడనూ ముంచలేదు. చెప్పుకొనడానికి విజయమేదీ లేని ఓడకు ప్రదర్శనశాల ఎందుకని ఢిల్లీలో ఒక మిత్రుడు నాతో వాదించాడు. కరాచీవారికి ఆ సందేహం రాదు. 1971 డిసెంబరు 9న మన ఖుక్రీని ముంచి 194 మందిని బలిగొన్న హంగోర్ వారి ప్రదర్శనశాలలో ఉన్నది. అదే యుద్ధంలో వారి ఘాజీ విశాఖ ఎదుటనే తన సిబ్బందితోసహా మునిగి నేటికీ సముద్రగర్భంలోనే ఉన్నది. జలాంతర్గామి కొలువంటే అధికభాగం కనబడకుండా కాచుకొని ఉండడమే గనుక, ఆ కొలువును 31 ఏళ్లు చేసిన ఓడను చూపడమే సబబని నా అభిప్రాయం.

2001లో విరమించిన ఈ ఓడను ఒడ్డుకు లాగి నిలపడమే ఒక మహాకార్యమైంది. 2002 ఆగస్టు 9న నాటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ప్రారంభించారు. పోషణ భారం నగరాభివృద్ధి సంస్థ తలకెత్తుకున్నది. నౌకాదళంలో పనిచేసి విరమించినవారే సందర్శకులకు లోపలి సంగతులు వివరిస్తూ వచ్చారు.

విక్రాంత్‌కు ఈ అదృష్టం లేకపోయింది. 1971లో తూర్పు సముద్రాన్ని దిగ్బంధించిన ఆ విమానవాహక నౌక 1997లో విరమించింది. ముంబాయిలో కొంతకాలం ప్రదర్శనశాలగా ఉండి 2012లో మూతపడింది. మహారాష్ట్ర ప్రభుత్వం భారం మోయలేనన్నది. 2014లో తుక్కు కింద సుమారు 60 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది. తరువాత విరాట్ వంతు. తన కాళ్లమీద తాను నిలువగల సంపూర్ణ ఆర్థిక ప్రతిపాదన ఏ రాష్ట్రం నుంచీ రాలేదని 2019లో రక్షణ శాఖ రాజ్యసభకు జవాబిచ్చింది. 2020లో నౌక అలంగ్ తుక్కు రేవుకు చేరింది. ఆ నౌకను విశాఖకు తెచ్చుకోవాలని ఆంధ్రప్రదేశ్ కూడ ఒకప్పుడు ఉబలాటపడిందని పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

ఆ జవాబే నాకు మింగుడుపడదు. సముద్రపు ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది. ఎన్ని టిక్కెట్లు అమ్మినా ఆ ఖర్చుకు ఏటేటా సరిపోతాయన్న హామీ ఎక్కడిది? యుద్ధానికి పంపినప్పుడు కేంద్రానిదైన ఓడ, విరమించగానే రాష్ట్రానిదో, నగరానిదో ఎట్లా అవుతుంది? నౌకల జ్ఞాపకరక్షణకు రక్షణ బడ్జెట్‌లో శాశ్వతమైన పద్దు ఒకటి ఉండాలి. లక్షల కోట్ల పద్దుల నడుమ అది కంటికి ఆనదు కూడ.

అయితే అడిగేదెవరు? 2018లో వలె మొత్తం పద్దులు చర్చలేకుండానే గిలెటిన్ పాలైన సందర్భాలున్నవి. కుర్సురా తరగతి ఓడలు మనకు మొత్తం ఎనిమిది ఉండేవి. వాగ్లీని మామల్లపురంలో నిలపాలన్న పథకం సాగలేదు. విశాఖ తీరాన ఉన్న ఈ ఒక్కదాని మరమ్మతుకు ఢిల్లీ వాటా ఎంత అని ప్రశ్నోత్తరాల సమయంలో అడగడానికి మన సభ్యులకు ఏ పార్టీ విప్పూ అడ్డురాదు.