విడిదికీ, తాబేలు గుడ్లకూ ఒకటే వేళ

చలికాలం వచ్చిందంటే బాపట్లకు 9 కిలోమీటర్ల దూరంలోని సూర్యలంక తీరం కళకళలాడుతుంది. సముద్రస్నానం చేసి, వనభోజనం ముగించుకొని సాయంత్రానికి మరలిపోవడం పాత అలవాటు. కారులో పెంపుడు కుక్కను కూడా ఎక్కించుకొని వచ్చి, సందడి లేని చోట గుడారం వేసుకొని రాత్రి గడపాలన్నది కొత్త సరదా. ఇంటిల్లిపాదీ సముద్రపు గాలికి రెండు రోజులు సేదతీరడంలో తప్పేమీ లేదు. అయితే అదే కాలంలో ఈ తీరానికి మరొక అతిథి కూడా వస్తుందన్న సంగతి మరువరాదు.

జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఒడ్డుకెక్కి, ఇసుకలో మూరెడు లోతున గుంట తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతాయి. తల్లి మళ్లీ తిరిగి చూడదు. ఇసుక వేడికే గుడ్లు పొదుగుతాయి. 45 నుంచి 60 రోజులకు పైకి వచ్చిన పిల్లలు వెలుగు కనిపించిన దిక్కుకు నడుస్తాయి. చీకటి రాత్రి ఆ వెలుగు సముద్రానిదే. ఒడ్డున దీపం ఉంటే దారి తప్పి, సముద్రం చేరకుండానే చనిపోతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేలును మొదటి షెడ్యూలులో చేర్చింది.

మనిషి కోరేది జనం లేని ప్రశాంతమైన ఒడ్డు. తాబేలు కోరేదీ అదే. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

గుడ్ల వాసన పట్టి ఇసుక తవ్వడం కుక్కకు సహజగుణం. అందులో పెంపుడుదని, వీధిదని భేదం లేదు. అయితే నేరమంతా పెంపుడు కుక్కపై మోపడం న్యాయం కాదు. గొలుసుతో కట్టిన కుక్క గుడ్ల జోలికి పోలేదు. విడిదికి వచ్చినవారు పారేసి పోయే బిర్యానీ పొట్లాలు, చేప ముళ్లు తిని ఒడ్డునే మరిగిన వీధికుక్కలతోనే అసలు ముప్పు. పర్యాటకుడు తన కుక్కను వెంట తీసుకుపోయినా, తన ఎంగిలితో మరి నాలుగు కుక్కలను పోషించి పోతున్నాడు. వాటితో కలిసి తిరిగే పెంపుడు కుక్కకు రేబిస్ టీకా వేయించి ఉండకపోతే దానికీ ప్రమాదమే, యజమానికీ ప్రమాదమే.

అందుచేత గుడారాలను నిషేధించనవసరం లేదు, వాటికి ఒక హద్దు ఏర్పరిస్తే చాలు. అలల ఒడ్డును వదిలి, వెనుక సరుగుడు తోటల వైపు విడిదికి స్థలం కేటాయించాలి. జనవరి నుంచి, పిల్లలు వెలువడే మే నెల వరకు, చీకటి పడిన తరువాత ఒడ్డుపై దీపాలు, చలిమంటలు, వాహనాలు లేకుండా చూడాలి. కుక్కకు గొలుసు, టీకా కాగితం తప్పనిసరి చేయాలి. చెత్తకుండీలు పెట్టి, రోజూ ఎత్తించాలి. వీధికుక్కలకు శస్త్రచికిత్స, టీకాలు వేయించే బాధ్యత 2023 నిబంధనల ప్రకారం స్థానిక సంస్థలదే.

ఇందుకు పెద్ద నిధులేమీ అక్కరలేదు. పర్యాటక, అటవీ శాఖలు, పంచాయతీ ఒకచోట కూర్చుని, సంక్రాంతి సెలవులకు ముందే తీరంలో నాలుగు బోర్డులు పెట్టించి, రాత్రి కాపలాకు గట్టు తెలిసిన మత్స్యకార యువకులను నియమిస్తే వారికి నాలుగు డబ్బులు కూడా దొరుకుతాయి. వచ్చేవారు సైతం రెండు రాత్రులు దీపం తగ్గించుకుంటే పోయేదేమీ లేదు. గుడ్లు పోతే మాత్రం తిరిగి రావు.