అడుగక తీసికొనిన ఓటు

ఒక్క జిల్లాలో, ఒక్క దినముననే, ప్రక్కప్రక్కనున్న రెండు నియోజకవర్గముల ప్రజలు రెండు విధములైన తీర్పుల నిచ్చిరి. 2023 నవంబరు 30వ తేదీన జరిగిన శాసనసభ ఎన్నికలలో కామారెడ్డి ఓటరులు భారతీయ జనతా పార్టీ అభ్యర్థిని, ఎల్లారెడ్డి ఓటరులు కాంగ్రెసు అభ్యర్థిని గెలిపించిరి. అంతవరకు ఈ రెండు స్థానములును నాటి అధికారపక్షమగు భారత రాష్ట్ర సమితి చేతిలోనే యుండెను. దీనిని గాలి యని కొందరును, కులముల లెక్క యని కొందరును చెప్పి ఊరకున్నారు. గాలియే యైనచో ప్రక్క యూరికి పోవునప్పటికి దిక్కు మార్చుకొనునా?

కామారెడ్డి సంగతి ముందుగా చూతము. నాటి ముఖ్యమంత్రి శ్రీ కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారు గజ్వేలుతో పాటు ఇచ్చటను పోటీచేసిరి. కాంగ్రెసు రాష్ట్రాధ్యక్షులుగా నుండిన శ్రీ రేవంతరెడ్డిగారు కొడంగలుతో పాటు ఇచ్చటనే నిలిచిరి. గెలిచినవారు మాత్రము స్థానికులగు శ్రీ కాటిపల్లి వెంకటరమణారెడ్డిగారు. వారికి 66,652 ఓట్లును, చంద్రశేఖరరావుగారికి 59,911 ఓట్లును, రేవంతరెడ్డిగారికి 54,916 ఓట్లును వచ్చినవి. పదవిలోనున్న ముఖ్యమంత్రిని రెండవ స్థానమునను, వారము దినములకే ముఖ్యమంత్రి యైనవారిని మూడవ స్థానమునను నిలిపిన పట్టణ మిది.

ఇందుకు ముఖ్యమైన హేతువు పొలములలో నున్నది. పురపాలక సంఘమువారి మాస్టరు ప్లాను ముసాయిదా, విలీన గ్రామముల సాగుభూములను పరిశ్రమల మండలముగ గుర్తించెను. కాగితముపై రంగు మారినంతనే భూమి వెల మారును; అమ్ముకొనవలె నన్నను, ఇల్లు కట్టుకొనవలె నన్నను అడ్డు వచ్చును. బిడ్డ పెండ్లికి ఎకర మమ్ముకొనదలచిన రైతునకు ఇది ప్రాణసంకటము. 2023 జనవరిలో రైతులు కలెక్టరు కార్యాలయమును ముట్టడించిరి. అదే నెల 20వ తేదీన పురపాలక సంఘము ముసాయిదాను ఉపసంహరించుకొనుచు తీర్మానించెను. ప్రణాళిక వెనుకకు పోయినది గాని అనుమానము పోలేదు. అభ్యంతరములు చెప్పుకొనుటకు గడువిచ్చితి మని అధికారులు చెప్పవచ్చును. గీత గీసిన పిమ్మట అడుగుట అడుగుట యగునా? ఆ పోరాటమున రైతుల ప్రక్కన నిలిచినవారినే పట్టణము శాసనసభకు పంపినది.

ఎల్లారెడ్డిలో భూమికి బదులు ఓటే వివాదవస్తు వైనది. 2018లో రాష్ట్రమంతటను తెలంగాణ రాష్ట్ర సమితి 119 స్థానములకు 88 గెలిచినప్పటికిని, ఇచ్చటివారు కాంగ్రెసు అభ్యర్థియగు శ్రీ జాజాల సురేందరుగారిని ఎన్నుకొనిరి. 2019 జూనులో అధికారపక్షమున విలీనమైన 12 మంది కాంగ్రెసు సభ్యులలో వారును ఒకరైరి. మూడింట రెండు వంతులవారు కలిసి పోయినచో చట్టము దానిని విలీన మనును. ఓటరు దానికి వేరు పేరు పెట్టినాడు. 2023లో క్రొత్త పక్షము తరఫున నిలిచిన వారిని ఓడించి, కాంగ్రెసు అభ్యర్థియగు శ్రీ మదనమోహనరావుగారిని 20 వేలకు మించిన ఆధిక్యముతో గెలిపించినాడు.

పార్టీ మారుటయే నేరమని ఈ ప్రాంతపు ఓటరు తలంచుచున్నాడా? లేదు. కామారెడ్డిలో తెలుగుదేశము సభ్యులుగా నుండిన శ్రీ గంప గోవర్ధనుగారు తెలంగాణ కొరకు పదవికి రాజీనామా యిచ్చి, 2012 ఉపఎన్నికలో తెలంగాణ రాష్ట్ర సమితి తరఫున నిలువగా ప్రజలు మరల గెలిపించిరి. ఎల్లారెడ్డిలో శ్రీ ఏనుగు రవీందరురెడ్డిగారును రాజీనామా చేసి, 2010లో తిరిగి తీర్పు కోరి గెలిచిరి. తెలంగాణ వాంఛ ఆ రెండు విజయములకును బలమైనది, నిజమే. అయినను ఇచ్చిన దానిని తిరిగి యిచ్చి, మరల అడిగిన వానిని ఆ రెండు ఉపఎన్నికలలో ఈ ప్రజలు కాదనలేదు. అడుగక తీసికొనిపోయిన వానిని క్షమించలేదు. భూమి విషయమునను, ఓటు విషయమునను వీరి న్యాయ మొక్కటే.

గెలిచినవారు ఈ తీర్పును తమ జెండాకు జరిగిన పట్టాభిషేకముగా భావింపరాదు. కామారెడ్డిలో ఓడిన యిరువురు నాయకుల ఓట్లు కలిపినచో 1,14,827. ఈ రెండు స్థానములును చేరియున్న జహీరాబాదు లోకసభ నియోజకవర్గమున 2024లో కాంగ్రెసు అభ్యర్థియే గెలిచెను. కామారెడ్డి ఓటరు కాంగ్రెసును, తెలుగుదేశమును, తెలంగాణ రాష్ట్ర సమితిని, భారతీయ జనతా పార్టీని వేర్వేరు కాలములందు నమ్మినాడు. ఎవరికిని శాశ్వతముగ వ్రాసి యియ్యలేదు.

అయిదేండ్ల కొకమారు శిక్షించుట మాత్రము చాలదు. పట్టణ ప్రణాళికల పటములను గీయుటకు ముందే గ్రామమున చావడిలో పెట్టి, సర్వే నంబరులతో తెలుగున చదివి వినిపింపవలెను. పక్షము మారదలచిన సభ్యుడు ముందు రాజీనామా యిచ్చి ప్రజల ఎదుటికి రావలెను. ఈ రెండు కోరికలను అభ్యర్థులందరి ముందును ఉంచుట పఠనమందిరములలో కూడు చదువరుల పని.

1948 వరకు నిజాము పాలనలో మన తాతలను అడిగిన ప్రభువు లేడు. 1952 ఎన్నికలలో వయోజనుల కందరికిని ఓటు వచ్చిన పిమ్మటనే ఈ నేలపై సామాన్యుని అడుగు మర్యాద పుట్టినది. ఆ మర్యాదను తప్పినవాడు ముఖ్యమంత్రియైనను సరే, తమ చేత గెలిచినవాడే యైనను సరే, కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రజలు మన్నింపలేదు. రేపు వచ్చువారు ఈ పాఠమును ముందుగానే నేర్చుకొనుట మేలు.