రాగి తూకం, వెన్నుపాము గాయం: పరిశోధన ఫలం రోగిని చేరేదెప్పుడు?

పెద్దవారి శరీరంలో ఉండే రాగి అంతా కలిపితే సుమారు వంద మిల్లీగ్రాములు. మెదడు నుంచి నడుము దాకా సాగే వెన్నుపాము పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, మందం చిటికెన వేలంత. రాగి తూకం తప్పినా, వెన్నుపాముకు దెబ్బ తగిలినా మనిషి నడక, చేతి పట్టు, జీవనోపాధి ఒక్కసారిగా తలకిందులవుతాయి. పైకి సంబంధం లేనట్టు కనిపించే ఈ రెండు రంగాల్లో వైద్య పరిశోధన గత కొన్ని దశాబ్దాల్లో చాలా ముందుకు సాగింది. అయితే ఆ ఫలం జిల్లా ఆస్పత్రి గడప దాకా వచ్చిందా అన్నదే ఇప్పుడు భారతదేశం, పొరుగు దేశాలు వేసుకోవలసిన ప్రశ్న.

రాగి విషయంలో మొదట చెప్పుకోవలసింది విల్సన్ వ్యాధి. బ్రిటన్‌లో పనిచేసిన నాడీ వైద్యుడు శామ్యూల్ అలెగ్జాండర్ కిన్నియర్ విల్సన్ 1912లో దీనిని సవివరంగా వర్ణించారు. ఆహారం ద్వారా వచ్చే రాగిలో అవసరానికి మించినదానిని కాలేయం పైత్యరసంతో బయటకు పంపుతుంది. ఈ పనికి అవసరమైన ఏటీపీ7బీ అనే జన్యువులో లోపం ఉన్నవారిలో రాగి ముందు కాలేయంలో, తర్వాత మెదడులో, కళ్లలో పేరుకుపోతుంది. కొందరికి కామెర్లతో, పొట్ట ఉబ్బడంతో వ్యాధి బయటపడుతుంది. మరికొందరిలో చేతుల వణుకు, మాట తడబాటు, చేతిరాత చెడిపోవడం, చదువులో వెనుకబడటం, స్వభావంలో మార్పు కనిపిస్తాయి. బడి వయసు పిల్లల్లో ఇలాంటి మార్పులను నిర్లక్ష్యమనో, మానసిక సమస్య అనో భావించి ఏళ్ల తరబడి కాలయాపన చేసే సందర్భాలు తక్కువేమీ కాదు.

ఇది తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు సంక్రమిస్తేనే వచ్చే వ్యాధి. ఇద్దరూ వాహకులైతే పుట్టే ప్రతి బిడ్డకూ వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం ఉంటుంది. ప్రపంచంలో సుమారు 30 వేల మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉంటుందన్నది తరచూ చెప్పే అంచనా. మేనరికాలు, మేనమామ వివాహాలు ఇంకా కొనసాగుతున్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా దక్షిణాది రాష్ట్రాల్లో ఇలాంటి జన్యు వ్యాధుల ముప్పు మరింత ఎక్కువ. బెంగళూరులోని నిమ్హాన్స్ వైద్యులు మూడు దశాబ్దాల్లో పరిశీలించిన 282 మంది రోగుల వివరాలను 2007లో ప్రచురించారు. వారిలో మూడింట రెండు వంతులకు పైగా నాడీ సంబంధ లక్షణాలతోనే వచ్చారు. ఈ వ్యాధిని కాలేయ వైద్యుడు ఒక్కరే కనిపెట్టాలనుకుంటే కుదరదని ఈ అనుభవం చెబుతోంది.

రక్తంలో సెరులోప్లాస్మిన్ పరీక్ష, 24 గంటల మూత్రంలో రాగి కొలత, కంటి నల్లగుడ్డు చుట్టూ ఏర్పడే రాగి వలయాన్ని స్లిట్ ల్యాంప్‌తో చూడటం నిర్ధారణకు ప్రధాన ఆధారాలు. చికిత్సకు కూడా మార్గం ఉంది. 1956లో జాన్ వాల్ష్ పెనిసిలమిన్ ఔషధాన్ని ప్రవేశపెట్టడంతో, అంతవరకు మరణశాసనంగా ఉన్న ఈ వ్యాధి అదుపులోకి వచ్చేదిగా మారింది. తర్వాత ట్రయెంటిన్, జింక్ లవణాలు తోడయ్యాయి. కానీ మందులు జీవితాంతం వాడాలి. బాగానే ఉన్నామనుకుని మానేసినవారిలో కాలేయం హఠాత్తుగా విఫలమయ్యే ప్రమాదం ఉంది. ఒక బిడ్డకు వ్యాధి తేలితే తోబుట్టువులందరికీ పరీక్ష చేయించాలి. లక్షణాలు మొదలుకాకముందే మందు ఆరంభించిన పిల్లలు అందరిలా చదువుకుని, పని చేసుకుని బతకగలుగుతారు.

రాగికి సంబంధించి భారతదేశం నేర్పిన పాఠం మరొకటి ఉంది. ఒకప్పుడు పసిపిల్లలను బలిగొన్న ‘ఇండియన్ చైల్డ్‌హుడ్ సిరోసిస్’ అనే కాలేయ వ్యాధిలో కాలేయం నిండా రాగి కనిపించేది. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో కాచి నిల్వ ఉంచిన పాలను పసికందులకు పట్టడం దీనికి కారణం కావచ్చని 1980లలో పుణే ప్రాంతంలో జరిగిన పరిశోధన సూచించింది. వంటింట్లోకి స్టీలు పాత్రలు రావడం, తల్లిపాలపై అవగాహన పెరగడంతో ఈ వ్యాధి దాదాపు కనుమరుగైంది. ఖరీదైన యంత్రం ఏదీ లేకుండానే, పాత్ర మార్పుతో వేలాది కుటుంబాలకు శోకం తప్పింది.

రాగి ఎక్కువైతే ఎంత ముప్పో, తక్కువైనా అంతే ముప్పు. 1962లో వర్ణించిన మెంకెస్ వ్యాధిలో మగ శిశువులకు పేగుల నుంచి రాగి అందక మెదడు ఎదుగుదల కుంటుపడుతుంది. పెద్దవారిలోనూ, బరువు తగ్గించే శస్త్రచికిత్స తర్వాత లేదా జింక్‌ను మోతాదు మించి వాడినప్పుడు రాగి లోపం ఏర్పడి వెన్నుపాము దెబ్బతింటుంది. కాళ్లలో తిమ్మిరి, నడకలో తూలడం వంటి ఈ లక్షణాలు బీ12 విటమిన్ లోపాన్ని పోలి ఉంటాయి. అందుకే బీ12 ఇంజెక్షన్లతో మెరుగుపడని రోగిలో రాగి స్థాయినీ చూడాలని నిపుణులు చెబుతున్నారు. రాగి అందిస్తే రక్తహీనత త్వరగా సర్దుకుంటుంది. నరాలకు జరిగిన నష్టం మాత్రం పూర్తిగా పూడదు. అప్పుడు రోగికి దారి చూపేది పునరావాస చికిత్సే.

ప్రమాదంలో వెన్నుపాము తెగిన వ్యక్తికీ అదే దారి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కోటీ 50 లక్షల మందికి పైగా వెన్నుపాము గాయంతో జీవిస్తున్నారు. రహదారి ప్రమాదాలు, ఎత్తు నుంచి పడిపోవడం ప్రధాన కారణాలు. భారతదేశంలో 2022లో రహదారి ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొనగా, 4,43,366 మంది గాయపడ్డారు. తాటిచెట్టు మీద నుంచి జారిపడిన గీత కార్మికుడు, భవన నిర్మాణంలో పరంజా పైనుంచి పడిన కూలీ ఈ గాయానికి తరచూ గురవుతారు. తెలంగాణ ప్రభుత్వం 2024లో ‘కాటమయ్య రక్ష’ పేరుతో గీత కార్మికులకు భద్రతా కిట్ల పంపిణీ చేపట్టడం ఈ కోణంలో గమనించదగినది. గాయపడిన వ్యక్తిని కాళ్లు, చేతులు పట్టి ఆటోలో మడిచి పడుకోబెడితే పాక్షికమైన గాయం కూడా పూర్తి పక్షవాతంగా మారవచ్చు. మెడ, నడుము కదలకుండా బల్లపై తరలించడమే తొలి చికిత్స.

శస్త్రచికిత్స తర్వాత అసలు పరీక్ష మొదలవుతుంది. దక్షిణాసియాలో వెన్నుపాము గాయపడిన పలువురి ప్రాణం తీసేది మొదటి దెబ్బ కాదు, పడక పుండ్లు, మూత్ర మార్గ ఇన్ఫెక్షన్లు. గంటల వారీగా పక్క మార్చడం, శుభ్రమైన గొట్టంతో వేళకు మూత్రం తీయడం కుటుంబానికి నేర్పితే వీటిలో చాలావరకు నివారించవచ్చు. ఈ విద్యకు మన ప్రాంతంలో గట్టి పునాదులే ఉన్నాయి. 1954లో రోడ్డు ప్రమాదంలో కాళ్లు చచ్చుబడినా చక్రాల కుర్చీ నుంచే శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ కృషితో 1966లో వెల్లూరులో పునరావాస కేంద్రం ఏర్పడింది. 1965లో ఎవరెస్టు ఎక్కి, అదే ఏడాది యుద్ధంలో వెన్నులో తూటా తగిలిన మేజర్ హెచ్‌పీఎస్ ఆహ్లూవాలియా ఢిల్లీలో ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్‌ను స్థాపించారు. బంగ్లాదేశ్‌లో వాలెరీ టేలర్ 1979లో ప్రారంభించిన సీఆర్‌పీ సంస్థ, రోగి తిరిగి ఊరికి వెళ్లి సంపాదించుకునేలా తీర్చిదిద్దడాన్ని చికిత్సలో భాగం చేసింది. నేపాల్‌లోని సాంగా కేంద్రం 2015 భూకంప బాధితులకు అండగా నిలిచింది.

కొత్త ఆశలు కూడా చిగురిస్తున్నాయి. మెడ దగ్గర చర్మం పైనుంచి వెన్నుపాముకు విద్యుత్ ప్రేరణ ఇచ్చే పరికరాన్ని 60 మందిపై పరీక్షించగా, 72 శాతం మందిలో చేతుల బలం, పనితీరు మెరుగుపడినట్టు 2024లో వెల్లడైంది. అదే ఏడాది డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతి ఇచ్చింది. అయితే ఆ ఫలితాలు క్రమబద్ధమైన వ్యాయామ చికిత్సతో కలిపి సాధించినవి. ఫిజియోథెరపిస్టు లేని చోట ఆ పరికరం ఒక్కటే మేలు చేయలేదు.

విధానపరంగా చూస్తే కేంద్రం 2021లో అరుదైన వ్యాధుల జాతీయ విధానాన్ని తెచ్చింది. గుర్తింపు పొందిన కేంద్రాల్లో ఒక్కో రోగికి రూ.50 లక్షల వరకు సాయానికి వీలు కల్పించింది. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ సంస్థలు కలిసి అలాంటి కేంద్రంగా పనిచేస్తున్నాయి. కానీ విల్సన్ రోగికి కావలసింది ఒక్కసారి అందే పెద్ద మొత్తం కన్నా, జిల్లాలోనే జరిగే పరీక్ష, నెలనెలా తప్పక దొరికే మాత్ర. అలాగే 2025 మేలో అమల్లోకి వచ్చిన రహదారి ప్రమాద బాధితుల నగదు రహిత చికిత్స పథకం ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా ఖర్చు భరిస్తుంది. ప్రాణం నిలిపేందుకు ఇది విలువైన అడుగే. వెన్నుపాము గాయానికి మాత్రం ఏడో రోజున చికిత్స ముగియదు. నెలల తరబడి సాగే పునరావాసం, చక్రాల కుర్చీ, ఇంటి గుమ్మం దగ్గర ఏటవాలు దారి, మళ్లీ చేసుకోగల పని అప్పుడే మొదలు కావాలి.

రెండు రంగాలూ చెప్పే మాట ఒక్కటే. ఆలస్యంగా తేలిన రాగి వ్యాధిలోనైనా, నిర్లక్ష్యానికి గురైన వెన్నుపాము గాయంలోనైనా పోగొట్టుకున్నదాన్ని పూర్తిగా తిరిగి తెచ్చే మందు ఇంకా లేదు. ఉన్నదాన్ని కాపాడే మార్గాలు మాత్రం చాలాకాలంగా తెలిసినవే. వణికే చేతితో వచ్చిన పిల్లవాడికి రాగి పరీక్ష రాసే వైద్యుడు, గాయపడినవారిని బల్లపై ఎత్తే పౌరుడు, పక్క మార్చడం నేర్చుకున్న తల్లి ఈ పరిశోధనకు చివరి మెట్టు. ఆ మెట్టు దాకా వ్యవస్థను తీసుకువెళ్లడమే ప్రభుత్వాల ముందున్న కర్తవ్యం.