మందునకు ముందు వాహకము

పుదుచ్చేరి పట్టణపు దక్షిణభాగమున, కడలూరు బాటపై మురుంగపాక్కం గలదు. ఆ పేట దాటి కొంత దూరము పోయినచో అరియాంకుప్పం నదీతీరమున అరికమేడు దిబ్బలు కానవచ్చును. 1945లో మార్టిమర్ వీలర్ అచ్చట జరిపించిన త్రవ్వకములలో మధ్యధరా తీరమున తయారైన జాడీల పెంకులు బయల్పడినవి. రెండువేల ఏండ్ల క్రిందట ద్రాక్షాసవమును ఆ జాడీలే సముద్రములు దాటించి ఈ రేవునకు చేర్చినవి. సరకు ఎంత శ్రేష్ఠమైనదైనను తగిన పాత్ర లేనిచో గమ్యము చేరదు. జన్యుచికిత్స అను నూతన వైద్యమునకును ఇదియే ప్రధాన సమస్య.

శరీరమందలి కణములు జన్యువులలోని ఆదేశముల ననుసరించి పనిచేయును. ఒక జన్యువు లోపించినను, దోషయుక్తమైనను, అవసరమైన పదార్థమును శరీరము తయారుచేయజాలదు. హీమోఫీలియా రోగికి గాయమైనచో రక్తము త్వరగా గడ్డకట్టకపోవుటకు కారణమిదియే. సరియైన జన్యువును కణములోనికి పంపుట, లేదా దోషమును అచ్చటనే సవరించుట జన్యుచికిత్స యనబడును. అయితే జన్యుపదార్థమును ఊరక సూదిద్వారా ఎక్కించినచో రక్తమందలి ఎంజైములు దానిని ముక్కలు చేయును. మిగిలినదియు కణములోనికి సులభముగా ప్రవేశింపదు. జన్యుపదార్థమునకును కణపు పొర ఉపరితలమునకును గూడ ఋణావేశమే యుండుటచే అవి యొకదానినొకటి త్రోసివేయును. కనుక జన్యుపదార్థమును మూటగట్టి మోయు వాహకము కావలెను.

కణములోనికి చొరబడుట వైరస్సులకు వెన్నతో బెట్టిన విద్య. అందుచే శాస్త్రజ్ఞులు మొదట వానిని నిర్వీర్యపరచి వాహకములుగా వాడిరి. ఆ మార్గమున సాధింపబడినది స్వల్పము కాదు. పుదుచ్చేరికి దూరము కాని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు, తీవ్ర హీమోఫీలియా గల అయిదుగురి మూలకణములకు లెంటివైరస్ ద్వారా జన్యువు నందించి, తదనంతర పరిశీలనా కాలమున వారికి రక్తస్రావములు కలుగలేదని 2024 డిసెంబరులో ప్రకటించిరి.

కాని శరీరము వైరస్సును శత్రువుగా నెంచును. 1999 సెప్టెంబరులో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున, రక్తమున అమోనియా పేరుకొను జన్యువ్యాధి గల 18 ఏండ్ల యువకునికి ఎడినోవైరస్ వాహకమును ఎక్కించిరి. శరీరపు ప్రతిఘటన ప్రచండమై నాలుగవ దినమున అతడు మరణించెను. రోగికి ప్రమాదమును సంపూర్ణముగా తెలిపిరా యను ప్రశ్నయు అప్పుడే తలయెత్తినది. మరియొక చిక్కు గలదు. నేడు విరివిగా వాడబడు ఎ.ఎ.వి. అను వైరస్ వాహకమును ఒకమారు ఇచ్చినచో ప్రతిరక్షకములు పుట్టి, రెండవ మోతాదునకు సాధారణముగా తావుండదు.

ఈ చిక్కులకు విరుగుడుగా రసాయనశాస్త్రము లిపిడ్లను, అనగా కొవ్వుజాతి పదార్థములను, పాలిమర్లను ముందునకు తెచ్చినది. ధనావేశము గల లిపిడ్లు డి.ఎన్.ఏ.ను పెనవేసుకొని కణములోనికి చేర్చగలవని 1987లో ఫిలిప్ ఫెల్గ్నర్ బృందము చూపినది. పాలిఎథిలినిమైన్ అను పాలిమర్‌తోను ఇట్టి ఫలితమునే 1995లో ఫ్రాన్సులోని జాన్ పాల్ బేర్ బృందము సాధించినది. అయితే ధనావేశము ఎక్కువైనచో కణపు పొరలే చెడును. అందుచే రక్తములో తటస్థముగా నుండి, కణములోని ఆమ్లపు సంచిని చేరిన పిదపనే ధనావేశము పొందు లిపిడ్లను నిర్మించిరి. 2018లో అమెరికాలో అనుమతి పొందిన పాటిసిరాన్ అను ఆర్.ఎన్.ఏ. ఔషధపు వాహకములో నూటికి 50 అణువులు ఇట్టి లిపిడ్; 38.5 కొలెస్ట్రాల్, 10 ఫాస్ఫోలిపిడ్, 1.5 పాలిఎథిలిన్ గ్లైకాల్ కలిపిన లిపిడ్. కోవిడ్ కాలమున కోట్ల ప్రజలకు ఇచ్చిన ఎం.ఆర్.ఎన్.ఏ. టీకాలును ఇట్టి నాలుగు దినుసుల రేణువులలోనే చేరినవి.

2025లో అదే ఫిలడెల్ఫియాలో, అదే తెగకు చెందిన అమోనియా వ్యాధితో పుట్టిన ఒక శిశువునకు, జన్యుదోషమును సవరించు మందును లిపిడ్ రేణువులలో ఇచ్చిరి. మొదట స్వల్పముగా నిచ్చి, పిదప పెంచుచు మూడు మోతాదులు ఇయ్యగలిగిరి. శిశువు కోలుకొని ఇల్లు చేరెను. ఒక్క శిశువు వృత్తాంతము సర్వమును నిరూపింపదు. కాని మోతాదును మరల మరల ఇయ్య వీలగుట వాహకపు గుణముచేతనే యన్నది స్పష్టము.

లోపములను దాచరాదు. రక్తములోనికి ఎక్కించిన లిపిడ్ రేణువులు అధికభాగము కాలేయమునకే పోవును. కండరములకు, మెదడునకు చేర్చుట నేటికిని కష్టసాధ్యము. కణము మ్రింగిన సరకులో నూటికి ఒకటి రెండు వంతులు మాత్రమే ఆమ్లపు సంచినుండి తప్పించుకొనునని ఒక రకపు లిపిడ్ రేణువులపై 2013లో ప్రకటితమైన కొలతలు తెల్పినవి. ఈ లోపములను సవరించుట వైద్యుని కత్తికి గాక రసాయనజ్ఞుని నేర్పునకు లోబడిన పని.

ఆ నేర్పు తెలుగునేలకు క్రొత్తది కాదు. 1999లోనే హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థలో అరబింద చౌధురి బృందము, పొరుగున గల కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునందలి మధుసూదనరావు సహకారముతో, గ్లిసరాల్ లేని నూతన లిపిడ్ల శ్రేణిని జన్యువాహకములుగా ప్రకటించినది. పిమ్మట లిపిడ్ శిరోభాగమును, తోకల పొడవును మార్చుచు ఏది ఎట్లు పనిచేయునో చాలకాలము పరీక్షించిరి. ఆ రెండవ సంస్థయే 2022లో స్వదేశీయ ఎం.ఆర్.ఎన్.ఏ. టీకా పరిజ్ఞానమును రూపొందించినట్లు ప్రకటించినది. విద్య గలదు, దానిని ప్రయోగశాల బల్లనుండి రోగి మంచమువరకు మోసుకొనిపోవు ఏర్పాటు చాలకున్నది.

ఈ కొరతకు మూల్యమును చెల్లించునది రోగి కుటుంబమే. 2021లో హైదరాబాదున ఒక శిశువు వెన్నెముక కండర క్షీణతకు వైరస్ వాహకపు జన్యుచికిత్స కావలసి, సుమారు 16 కోట్ల రూపాయల మందునకై వేలకొలది దాతలు చందాలు పోగుచేసిరి. అరుదైన వ్యాధుల జాతీయ విధానము క్రింద 2022నుండి రోగికి లభించు గరిష్ఠ సహాయము 50 లక్షల రూపాయలు. మురుంగపాక్కం నివాసియైన ఒక తండ్రి పట్టణములోని జిప్మెర్ వైద్యశాలకు బిడ్డను కొనిపోగలడు. నిపుణుల సలహాను పొందగలడు. పదహారు కోట్లను మాత్రము పొందలేడు. చందాల మీద ఆధారపడిన వైద్యము ప్రజావైద్యము కానేరదు.

వాహకము పరుల సొత్తైనచో ఖర్చు తగ్గుట కష్టము. 2022 జూనులో అత్యవసర అనుమతి పొందిన పూనా జెనోవా సంస్థవారి ఎం.ఆర్.ఎన్.ఏ. టీకా, 2 నుండి 8 డిగ్రీల చలువలో నిలువగలుగుట దేశమునకు మేలు చేసినది. కాని దాని వాహకము అమెరికాలోని సియాటిల్‌లో రూపొందినది. ఆ యేటనే లిపిడ్ వాహకపు హక్కులపై ఆర్బ్యూటస్, జెనెవాంట్ సంస్థలు మోడెర్నాపై దావా వేసినవి. పేటిక ఎవరిదో వారిదే బేరము.

రక్తహీనత, క్షయ పీడించు దేశమునకు ఈ ఖరీదైన విద్య యేల యని ప్రశ్నించువారు గలరు. వారి ఆవేదన న్యాయమైనదే. అయితే టీకాను మోయు వాహకమును, జన్యువును మోయు వాహకమును ఒకే విద్యకు చెందినవి. నేడు క్షయకై, మలేరియాకై ఎం.ఆర్.ఎన్.ఏ. టీకాలను శోధించువారికిని కావలసినది ఇదియే.

కనుక కర్తవ్యములు మూడు. ప్రభుత్వ ప్రయోగశాలలలో పుట్టిన లిపిడ్లను, పాలిమర్లను పరిశుద్ధముగా, అధికరాశిలో తయారుచేయు కేంద్రమును ప్రజాధనముతో నెలకొల్పవలెను. ప్రజాధనముతో కనుగొన్న వాహకములపై హక్కు ప్రజలకే మిగులునట్లు ఒప్పందములు వ్రాయవలెను. రోగిపై ప్రయోగించునపుడు ప్రమాదమును అతని మాతృభాషలో, అతనికి బోధపడునట్లు తెలిపి సమ్మతి పొందవలెను. 1999 నాటి మరణము నేర్పిన పాఠమిది.

జన్యుచికిత్స యను పేరు చెప్పి అనుమతి లేని మందులమ్ము వారిని ప్రజలు నమ్మరాదు. నిజమైన చికిత్స నెమ్మదిగానే వచ్చును. అది వచ్చునాటికి ధర చెప్పువారు పరులా, స్వదేశీయులా యన్నది మాత్రము నేటి నిర్ణయములపై ఆధారపడియున్నది.