రొమ్ములో గడ్డకు రక్తపరీక్ష చాలదా?

ప్రశ్న: నా వయస్సు 46. నెల రోజుల క్రితం ఎడమ రొమ్ములో రేగిపండంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. సూదితో ముక్క తీసి పరీక్షించాలని డాక్టరుగారు అంటున్నారు. సూది గుచ్చితే కాన్సరు పాకుతుందని మా అత్తగారి భయం. గుండ్రటి ఆర్.ఎన్.ఏ.ను రక్తంలో చూసి కాన్సరు చెప్పేయవచ్చని మా అబ్బాయి చదివాడు. అది చేయించుకుంటే చాలదా?

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చదివింది అబద్ధం కాదు. అయితే అది ఇంకా పరిశోధనశాలలో ఉన్న సంగతి.

కణంలోని డి.ఎన్.ఏ.ను అసలు దస్తావేజు అనుకోండి. దానిలో కావలసిన భాగానికి తీసే నకలు ఆర్.ఎన్.ఏ. ఆ నకలు చూసి మాంసకృత్తులు తయారవుతాయని మనం బడిలో చదువుకున్నాం. కాని మన డి.ఎన్.ఏ.లో మాంసకృత్తులకు నేరుగా పనికొచ్చే భాగం నూటికి 2 పాళ్లు కూడా లేదు. మిగతా భాగం నుంచీ బోలెడన్ని నకళ్లు వస్తాయి. వాటిలో కొన్ని మాంసకృత్తులను తయారుచేయవు, తోటి నకళ్ల మీద పెత్తనం చేస్తాయి. అటువంటి బుల్లి ఆర్.ఎన్.ఏ.ను ఒక చిన్న పురుగులో కనిపెట్టి 1993లో ప్రకటించిన పరిశోధనకే విక్టర్ ఆంబ్రోస్, గారీ రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ బహుమతి వచ్చింది.

మరికొన్ని ఆర్.ఎన్.ఏ.లు తాడు ముక్కలా కాక, గాజులా గుండ్రంగా ఉంటాయి. మానవ కణాల్లో వీటిని 1979లోనే చూశారు. కణం చేసిన పొరపాటు కాబోలనుకుని చాలాకాలం పట్టించుకోలేదు. మెదడులోని అటువంటి గాజు ఒకటి, ఒక బుల్లి ఆర్.ఎన్.ఏ.ను 70కి పైగా చోట్ల పట్టి ఉంచగలదని 2013లో తేలాక అందరి చూపూ ఇటు మళ్లింది. ఆర్.ఎన్.ఏ.ను కొస నుంచి కొరికే ఎంజైములకు గాజులో కొస దొరకదు. అందుకే ఇవి ఎక్కువకాలం నిలుస్తాయి, రక్తంలోనూ దొరుకుతాయి. కాన్సరు కణాల్లో వీటిలో కొన్ని పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. శాస్త్రజ్ఞుల ఆశ అక్కడే ఉంది.

చిక్కు కూడా అక్కడే ఉంది. ఆరోగ్యంగా ఉన్న కణాలూ వీటిని తయారుచేస్తాయి. రక్తంలో తేడా కనిపించలేదని మీ గడ్డ మంచిదని చెప్పలేం. కనిపించినా, గడ్డ సంగతి తేల్చడానికి ముక్క తీయక తప్పదు. ఎటు తిరిగినా సూది దగ్గరకే రావాలి.

మీ అత్తగారిని తప్పుపట్టను. ముక్క తీశాకనే కాన్సరని తెలుస్తుంది కనుక, తీసినందువల్లే ముదిరిందని జనం అనుకుంటారు. రొమ్ము గడ్డకు ఈ పరీక్ష చేయించుకున్నందువల్ల జబ్బు ఒళ్లంతా పాకదు. తిమ్మిరి మందు ఇచ్చి కొద్ది నిమిషాల్లో ముగిస్తారు. ఒకవేళ కాన్సరే అయితే, ఏ మందు పనిచేస్తుందో చెప్పేదీ ఆ ముక్కే.

రొమ్ములో గడ్డలు ఎక్కువ భాగం కాన్సరు కావు. కాని నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు. ఇప్పటికే నెల గడిచింది. మామోగ్రాం, అల్ట్రాసౌండ్ తీయించుకుని ఈ వారమే సూది పరీక్షకు వెళ్లండి. ఆస్పిరిన్ వంటి రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్రలు వాడుతుంటే డాక్టరుగారికి ముందే చెప్పండి, మీ అంతట మీరు మానేయకండి. మీ అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లండి.