పాత కారు కొనేముందు



కంభం దగ్గర ఒక పల్లె నుండి ఒక సహోదరి రాసిన ఉత్తరం ఈ నెల నా బల్ల మీద ఉంది. ఆమె రాసిన దాని సారాంశం ఇది.

"అన్నగారూ, మా అత్తగారికి మోకాళ్ళు వంగవు. బస్సు మెట్టు ఎక్కలేరు, ఆటోలో కుదుపుకు ఓర్చుకోలేరు. నెలకు రెండుసార్లు మార్కాపురం ఆస్పత్రికి తీసికెళ్ళాలి. ఆదివారం మందిరానికి నాలుగు కిలోమీటర్లు పోవాలి. ఈసారి మిరప అమ్మిన డబ్బులో లక్ష రూపాయలు పక్కన పెట్టాం. మా ఊళ్ళో రిటైరైన మాస్టారి పాత ఫియట్ కారు కొందామని మా ఆయన పట్టుబడుతున్నారు. చిన్నప్పుడు ఆ కారును తోసి స్టార్టు చేయించిన సంగతి ఇప్పటికీ చెప్పుకొని మురిసిపోతారు. నేనేమో పాప డిగ్రీ ఫీజు గుర్తు చేస్తున్నాను. మార్కాపురంలో ఒక మారుతి 800 కూడా అమ్మకానికి ఉందట. ఏది మంచిది? అసలు మేము కారు కొనవచ్చునా?"

అమ్మా, మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. ఏ కారు అన్నది చిన్న ప్రశ్న. కొనవచ్చునా అన్నదే పెద్దది. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకోవాలని మనం చాలాసార్లు విన్నాం. కారుకూ అదే వర్తిస్తుంది. అయితే మీ వారి మనసు కూడా నాకు తెలుసు గనుక ముందు దాని సంగతే చెబుతాను.

మీ వారు ముచ్చటపడుతున్న ఆ కారు పేరు ప్రీమియర్ పద్మిని. ఇటలీ ఫియట్ 1100 నమూనాతో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు తయారు చేశారు. 1974 నుండి పద్మిని అనే పేరు వచ్చింది. 2000 ప్రాంతం వరకు తయారైంది. 1089 సి.సి. ఇంజను, స్టీరింగు పక్కన గేరు కర్ర, ముందు సీటులోనే ముగ్గురు సర్దుకొని కూర్చొనే బెంచీ, వెనుక కమాను పట్టీలు. గుంటల దారిలో దాని నడకే వేరు. డాక్టరుగారు, హెడ్మాస్టరు, పాస్టరుగారు ఎక్కిన కారు అది. అందుకే మన తరం వారికి దాని హారను వింటే ఎవరో పెద్దవారు వస్తున్నట్టు అనిపిస్తుంది. నేనూ ఆ మోజుతోనే ఒకటి కొన్నాను. దానితో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి.

1997 వేసవిలో నంద్యాలలో పెళ్ళికి వెళ్ళి తిరిగి గిద్దలూరు వస్తున్నాం. కారులో మా అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు. నల్లమల ఘాటు దిగుతూ దిగువమెట్ట వైపు వచ్చేటప్పుడు పెట్రోలు మిగుల్చుదామని గేరు తీసేసి న్యూట్రల్‌లో వదిలాను. బ్రేకు మీదే కాలు పెట్టి నాలుగైదు మలుపులు దిగాను. ఆరో మలుపులో బ్రేకు తొక్కితే కాలు లోపలికి పోతున్నది గాని బండి ఆగడం లేదు. డ్రమ్ములు కాలిపోయి లైనింగు పట్టు వదిలింది. రెండో గేరు బలవంతంగా వేసి, హ్యాండు బ్రేకు లాగి, కొండవైపు మట్టిగట్టుకు చక్రం ఆనించాను. బండి ఆగింది. ఎడమ మడ్‌గార్డు నలిగింది, మనుషులకు ఏమీ కాలేదు. కారు తప్పు ఏమీ లేదు, తప్పంతా నాదే. పది రూపాయల పెట్రోలు కోసం అయిదుగురి ప్రాణాలు పెట్టాను. మా అమ్మ ఆ రోజు నన్ను ఒక్క మాట అనలేదు. అది నాకు ఇప్పటికీ గుచ్చుకొంటుంది.

కాబట్టి పాత కారు కొనే ప్రతివారికీ నా మొదటి మాట ఇదే. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే ఘాటు దిగాలి. దోర్నాల నుండి శ్రీశైలం దారైనా, గిద్దలూరు నుండి నంద్యాల దారైనా అంతే. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు చల్లగా ఉంటుంది.

ఇక మారుతి 800 సంగతి. 1983 డిసెంబరులో మొదటి బండి బయటికి వచ్చింది, 2014 జనవరిలో తయారీ ఆగింది. 796 సి.సి., మూడు సిలిండర్ల ఇంజను. తేలిక బండి, చిన్న చక్రాలు. తరువాతి కాలపు బండ్లలో కార్బొరేటరు లేదు, ఇంజెక్షన్ పద్ధతి ఉంది గనుక తెల్లవారుజామున చలిలో కూడా సులువుగా స్టార్టు అవుతుంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఏ షెడ్డుకు తీసికెళ్ళినా దాన్ని విప్పి బిగించగల మెకానిక్కు ఉంటాడు. పద్మినికి ఇప్పుడు ఆ సౌకర్యం తగ్గిపోయింది. ముంబయి టాక్సీలుగా తిరిగినంత కాలం సామాన్లు దొరికేవి. 2023 అక్టోబరు చివరితో ఆ టాక్సీలు కూడా నిలిచిపోయాయి. ఇప్పుడు ఒక చిన్న సామాను కోసం హైదరాబాదుకో చెన్నైకో ఫోన్లు చేసుకోవాలి. ఆ సామాను వచ్చేదాకా అత్తగారి ఆస్పత్రి తేదీ ఆగదు గదా!

ఇప్పుడు లెక్క చూద్దాం. మీ ప్రయాణాలన్నీ కలిపి నెలకు 300 కిలోమీటర్లు అనుకొందాం. పెట్రోలు లీటరు 110 రూపాయలు అనుకొందాం. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే 800కి నెలకు 20 లీటర్లు, అంటే 2,200 రూపాయలు. 12 ఇచ్చే పద్మినికి 25 లీటర్లు, 2,750 రూపాయలు. సంవత్సరానికి 26,400, 33,000. 2022 జూన్ నుండి అమలైన పట్టీ ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 1000 సి.సి. లోపు కారుకు ఏడాదికి 2,094, ఆ పైన 1500 సి.సి. వరకు 3,416, దాని మీద పన్ను అదనం. మరమ్మతుల కోసం ఏ పాత కారుకైనా నెలకు వెయ్యి చొప్పున డబ్బాలో వేసి పెట్టాలి. అన్నీ కలిపితే 800కి ఏడాదికి సుమారు 41,000. పద్మినికి సుమారు 49,000, రిజిస్ట్రేషను రెన్యూవలు ఖర్చు వేరే.

మరి ఆస్పత్రికి కారు బాడుగకు మాట్లాడుకొంటే? ఒక్కో ట్రిప్పుకు 1,500 అనుకొన్నా 24 ట్రిప్పులకు 36,000. చూశారా, కారు కొంటే డబ్బు మిగలదు. పైగా లక్ష రూపాయలు ముందే పోతుంది. మిగిలేది వేరే ఉంది. ఆదివారం అత్తగారు మందిరంలో అందరితో కలిసి కూర్చొంటారు. అర్ధరాత్రి ఏదైనా వస్తే వాకిట్లో బండి ఉంటుంది. దానికి మీరు ఇచ్చే వెల ఎంత అన్నది మీ ఇంట్లో నలుగురూ కూర్చొని తేల్చుకోవలసిన మాట. కాని పాప ఫీజు డబ్బు ఆ లక్షలోనే ఉంటే మాత్రం కారు వద్దు. ఫీజు ముందు బ్యాంకులో వేరుగా వేయండి. అది వేసిన తరువాత కూడా లక్ష మిగిలితేనే కారు మాట ఎత్తండి.

కొనేటట్లయితే ఈ క్రింది సంగతులు గమనించండి.

చేతిలో వంద ఉంటే అరవైకే బండి బేరం చేయండి. మిగిలిన నలభై టైర్లకు, బ్యాటరీకి, కాగితాలకు కావాలి. చేతిలో ఉన్నదంతా పోసి కొన్నవాడు మొదటి నెలలోనే అప్పు చేస్తాడు.

బండిని తెల్లవారి వెళ్ళి చూడండి. ముందుగా బోనెట్ మీద చేయి పెట్టండి. వేడిగా ఉంటే మీరు రాకముందే స్టార్టు చేసి ఉంచారన్నమాట. చల్లని ఇంజను తాళం తిప్పగానే పలకాలి. సైలెన్సరులో నీలిపొగ ఆగకుండా వస్తే ఇంజను ఆయిలు తాగుతున్నది. ఆయిలు మూత తీస్తే లోపల పాలమీగడలాగా తెల్లగా ఉంటే నీళ్ళు ఆయిల్లో కలుస్తున్నాయి. అటువంటి బండి దండం పెట్టి వదిలేయండి.

కాళ్ళ క్రింది మ్యాట్ ఎత్తి చూడండి, తలుపుల అడుగు అంచులు గోటితో గీకి చూడండి. మన పశ్చిమ ప్రాంతపు పొడిగాలిలో తిరిగిన బండికి తుప్పు తక్కువ. సముద్రపు గాలి తగిలిన బండి పైకి కొత్త రంగుతో మెరుస్తున్నా అడుగున జల్లెడలా ఉండవచ్చు. ఇంజనును బాగు చేయవచ్చు గాని తుప్పు తిన్న అడుగుకు టింకరింగు ఖర్చు కారు వెలను మించిపోతుంది.

టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాడి ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్ళు దాటిన టైరును మన ఎండలో నమ్మరాదు.

నీళ్ళ సంగతి మన ప్రాంతం వారు మరీ జాగ్రత్తగా వినాలి. మన బోరునీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది గదా. రేడియేటరులో పోస్తే లోపలి సన్నని గొట్టాలలోనూ అదే కడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇంజను కాగిపోవడానికి సగం కారణం అదే. శుద్ధి చేసిన నీళ్ళు, కూలెంటు కలిపి పోయండి. పలకల క్వారీల దారిలో తిరిగేవారు గాలి ఫిల్టరును నెలకొకసారి దులపండి.

2023 నుండి దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి వచ్చింది. పాత బండ్ల రబ్బరు గొట్టాలు దానికి తట్టుకొనేటట్టు చేసినవి కావు. కొన్న వెంటనే పెట్రోలు గొట్టాలు కొత్తవి వేయించండి. బండిని వారాల తరబడి కదలకుండా పెట్టవద్దు.

కాగితాల విషయంలో మొహమాటం పనికిరాదు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్.సి.తో సరిపోల్చండి. ఫైనాన్సు బాకీ ఉందేమో చూడండి. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళు చెల్లుతుంది, ఆ తరువాత అయిదేళ్ళకోసారి రెన్యూవలు చేయించాలి. 2022 ఏప్రిల్ నుండి దానికి 5,000 రూపాయలు. 2025 ఆగస్టు నోటిఫికేషనుతో 20 ఏళ్ళు దాటిన కార్లకు 10,000 అయింది. పద్మినులన్నీ ఈ రెండో లెక్కలోకే వస్తాయి. 2012లో రిజిస్టరైన 800కి 2027 వరకు ఆ ఖర్చు లేదు. కట్టేముందు రవాణా ఆఫీసులో ఆ రోజు రుసుము అడిగి తెలుసుకోండి.

పేరు మార్పిడి వెంటనే చేయించండి. "మనవాడే గదా, తరువాత చూద్దాం" అనే మాట అమ్మేవారికీ ముప్పే. ఆర్.సి.లో ఎవరి పేరు ఉంటే ప్రమాదంలో నష్టపరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మాస్టారి వంటి పెద్దమనిషికి ఆ చిక్కు తెచ్చిపెట్టడం మర్యాద కాదు.

ఇంకొక్క మాట. పల్లెలో ఒక ఇంటికి కారు వస్తే అది ఊరి కారు అవుతుంది. పురుటి నొప్పులకు పిలుస్తారు, పాము కరిస్తే పిలుస్తారు. వెళ్ళండి. గాయపడినవానిని తన వాహనం మీద ఎక్కించుకొన్న సమరయుని కథ తెలిసిన మనం వెళ్ళకుండా ఎలా ఉంటాం? కాని బాడుగ మాత్రం తీసికోవద్దు. సొంత నంబరు బండిని కిరాయికి తిప్పితే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు వారు చేతులెత్తేస్తారు.

చివరగా నా సలహా. అత్తగారిని వెంటబెట్టుకొని వెళ్ళి 800లో కూర్చోబెట్టి, దిగమనండి. ఆ సీటు బాగా క్రిందికి ఉంటుంది. మోకాళ్ళు వంగనివారికి అది కష్టం. ఆమె దిగలేకపోతే మెకానిక్కు ఎంత మెచ్చుకొన్నా ఆ బండి మీది కాదు. అప్పుడు ఎత్తు సీట్లున్న పాత శాంత్రో గాని వ్యాగన్ ఆర్ గాని చూడండి. వాటిలో ఇంజను 1000 సి.సి. దాటిన బండి అయితే ఇన్సూరెన్సు పై తరగతిలో కట్టాలి, అంతే తేడా.

మరి మీ వారి ముచ్చట? దాన్ని తీసిపారేయవద్దు. వయసు మళ్ళిన మాస్టారికి ఆ కారు కడిగేవారు, బ్యాటరీ చూసేవారు ఎవరున్నారో అడగమనండి. శనివారం సాయంత్రం ఒక గంట వెళ్ళి బోనెట్ ఎత్తి, ఊరి చుట్టూ ఒకసారి తిప్పి రమ్మనండి. మాస్టారికి తోడు దొరుకుతుంది, మీ వారికి తన చిన్ననాటి బండి దొరుకుతుంది. దానికి లక్ష రూపాయలు అక్కరలేదు.

ఏం నిర్ణయించుకొన్నారో మళ్ళీ ఉత్తరం రాయండి. అత్తగారికి నా వందనాలు చెప్పండి.