పేరు తప్పా, పిలుపు తప్పా?

పేరు పెట్టుట సులభము. పెట్టిన పేరును సరిగా పిలుచుటయే కష్టము. ఈ మాట మనుష్యులకే కాదు, కంప్యూటరులోని ఫైళ్లకును వర్తించును.

మన ఏర్పేడునే చూడుడు. తెలుగున దీనికి సాధారణముగా వాడు రూపము ఇదే. ఆంగ్లమున కొందరు 'ఇ' అక్షరముతోను, కొందరు 'వై' అక్షరముతోను వ్రాయుదురు. 2015లో ప్రారంభమైన తిరుపతి ఐ.ఐ.టి., ఐసర్ సంస్థలు నేడు ఈ మండలముననే విద్య నేర్పుచున్నవి. ఊరి పేరుతో మొదలగు ఫైళ్లన్నిటిని కమాండ్ లైనులో ఒక్క ఆదేశముతో పోగుచేయబోయిన విద్యార్థి 'ఇ'తో వెదకినచో, 'వై'తో వ్రాసినవన్నియు మిగిలిపోవును. యంత్రము చెవితో వినదు, అక్షరమునే చూచును.

ఇంతకన్న ప్రమాదకరమైనది పదముల నడుమ ఖాళీ. 1969లో బెల్ లాబొరేటరీస్‌లో పుట్టిన యూనిక్స్ పద్ధతిలో ఫైలు పేరునందు ఏటవాలు గీత, సున్న విలువ గల బైటు తప్ప ఏదైనను ఉండవచ్చును. కాని ఆదేశమును చదువు షెల్ ఖాళీ కనబడినచోట పదమును విరుచును. "మార్కులు పాతవి" అను ఫైలును తీసివేయుటకు ఆర్‌ఎం అని వ్రాసి, ఆ పేరును కొటేషన్ గుర్తులు లేకుండ చేర్చితిమనుకొనుడు. యంత్రము "మార్కులు" అను ఫైలును, "పాతవి" అను ఫైలును వేర్వేరుగా తీసివేయబోవును. "మార్కులు" అను పేరుతో క్రొత్త పట్టిక అచ్చటనే యున్నచో అది నశించును. పాతది నిక్షేపముగా నుండును! ఆర్‌ఎం తీసివేసినది చెత్తబుట్టలో చేరదు.

కావున పేర్లలో ఖాళీలు వలదు, ఆంగ్లాక్షరములే వాడుడని కొందరు శాసింతురు. మనము స్వయముగా పెట్టు పేర్లకు ఈ సలహా మంచిదే. కాని ఇతరులు పంపిన ఫైళ్ల మాటేమి? షేక్, సయ్యద్ అని మొదలై రెండు మూడు పదములుగా నుండు పేర్లు మన పట్టికలలో ఎన్ని లేవు? స్కాలర్‌షిప్పు దరఖాస్తు పేరులోని ఖాళీ వలన జారిపోయినచో నష్టపోవునది విద్యార్థియే. తెలుగున, ఉర్దూలో పేరు పెట్టుటయు నేరము కాదు. ఉర్దూ 'యే', అరబ్బీ 'యే' పదమధ్యమున ఒకే విధముగా కనబడినను యంత్రమునకు వేర్వేరు అక్షరములు; ఇది నిర్వాహకుడు తెలిసికొనవలసిన విషయము.

ఉపాయములు స్వల్పములు. పేరును కొటేషన్ గుర్తుల నడుమ ఉంచవలెను. అడ్డగీతతో మొదలగు పేరును యంత్రము ఆదేశపు షరతుగా భావించును గనుక, దాని ముందు చుక్కను, ఏటవాలు గీతను చేర్చవలెను. తీసివేయుటకు ముందు అదే పేరుతో ఎల్‌ఎస్ ఆదేశము నిచ్చి, ఏ ఫైళ్లు తగులుచున్నవో చూడవలెను.

విద్యార్థి సోదరులారా! రేపు మీలో కొందరు కార్యాలయములలో వేలకొలది పేర్లను నిర్వహింపగలరు. యంత్రమునకు అనుకూలముగా మనిషి పేరును కత్తిరింపకుడు. రెండు కొటేషన్ గుర్తులు వేయు ఓపిక చాలును.